54 ఏళ్ల కోబాల్ ప్రోగ్రామర్: నేను రెండుసార్లు తప్పు దారి చూపించిన కేసు

ఐటీలో సగం కెరీర్ దాటాక ఉద్యోగం పోయినవాళ్లతో కూర్చుని, తర్వాత ఏం చేయాలో ఆలోచించడం నా పని. అంతకుముందు కొన్నేళ్లు నేనూ కోడ్ రాశాను కానీ మెయిన్‌ఫ్రేమ్, అంటే బ్యాంకులు, బీమా సంస్థలు వాడే పెద్ద కంప్యూటర్ల జోలికి ఎప్పుడూ పోలేదు. ఆ తెలియనితనం వల్ల ఈ కేసు నా చేతికి వచ్చాక ఏడు నెలలు వృథా అయ్యాయి. ఆయన అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. పేరు పెట్టకుండా 'ఆయన' అనే రాస్తాను.

నేపథ్యం

వయసు 54. అనుభవం 27 ఏళ్లు, అందులో 19 ఏళ్లు ఒకే బీమా సిస్టమ్ మీద. కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష, జాబ్‌లు నడిపే జేసీఎల్, డీబీ2 డేటాబేస్, వీసామ్ డేటా ఫైళ్లు, లావాదేవీలు నడిపే సీఐసీఎస్ స్క్రీన్లు. పగలు మార్పులు చేయడం, రాత్రి బ్యాచ్ (వరుసగా నడిచే జాబ్‌లు) పడిపోతే లేచి చూడటం. కంపెనీ ఆ సిస్టమ్ బదులు బయట నుంచి రెడీమేడ్ ప్యాకేజీ కొనుక్కుంది. డేటా అటు చేరాక టీమ్ మొత్తాన్ని పంపించేశారు. పనితీరు మీద ఫిర్యాదు ఒక్కటి కూడా లేదు. చివరి రోజు దాకా ఆన్‌కాల్ ఫోన్ ఆయన దగ్గరే ఉందట.

మెయిన్‌ఫ్రేమ్ అంటే మ్యూజియంలో పెట్టె అనుకునేవాళ్ల కోసం ఒక్క పేరా. కోబాల్ రూపకల్పన 1959లో మొదలైంది. ఐబీఎం సిస్టమ్/360 మెయిన్‌ఫ్రేమ్ ప్రకటన 1964 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటి అప్లికేషన్ ప్రోగ్రామ్‌లు తర్వాతి యంత్రాల మీదా నడవాలన్న పట్టుదలతో ఆ వరుస ఇప్పటిదాకా సాగుతోంది. జెడ్16 2022లో, జెడ్17 2025లో వచ్చాయి. యంత్రం కొత్తది, మీద నడిచే ప్రోగ్రామ్ ఎవరో ముప్పై ఏళ్ల కింద రాసింది. అందుకే దాన్ని చదవగలిగే మనిషి అవసరం తీరలేదు. కానీ అవసరం ఉన్నంత మాత్రాన ఉద్యోగం ఉన్నట్టు కాదు. ఈ తేడా నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఏ సమస్యతో వచ్చారు

నా దగ్గరికి వచ్చేసరికి ఉద్యోగం పోయి ఏడు నెలలు. చేతిలో 9 పేజీల రెజ్యూమే, ఒక పాత వార్త ప్రింటవుట్. 2020 ఏప్రిల్ నాటిది ఆ వార్త. కరోనా సమయంలో నిరుద్యోగ భృతి దరఖాస్తులు ఒక్కసారిగా వచ్చిపడి పాత సిస్టమ్‌లు మొరాయిస్తే, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్ర అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసినవాళ్లు కావాలని బహిరంగంగా అడిగారు. ఆ ప్రింటవుట్ టేబుల్ మీద పెట్టి ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఇంత డిమాండ్ ఉందంటున్నారు కదమ్మా, మరి నన్నెవరూ పిలవరేం?"

ఆ గవర్నర్ అడిగింది వాలంటీర్లని. ఇల్లు కాలుతున్నప్పుడు నీళ్లు పట్టుకు రమ్మన్నంత మాత్రాన మంటలు ఆరాక జీతమిచ్చి పెట్టుకుంటారని కాదు. ఆ మాట ఆయనతో అన్నాను. ఆయనకి నచ్చలేదు, అయినా ప్రింటవుట్ మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఎవరు వచ్చినా ముందు నేను చేసే పని ఒకటే: దరఖాస్తులు ఎక్కడ ఆగుతున్నాయో చూడటం. ఫోనే రాకపోతే రెజ్యూమే సమస్య. ఫోన్ వచ్చి ఇంటర్వ్యూలో పోతే మాట్లాడే తీరులో సమస్య, లేదా నిజంగానే పని రాకపోవడం. ఆయన 118 దరఖాస్తులు పెట్టారు. వాటిలో 107 జావా, ఫుల్‌స్టాక్ లాంటి పోస్టులు. వాటి నుంచి వచ్చిన ఫోన్లు రెండు. మెయిన్‌ఫ్రేమ్ పోస్టులు 11, వచ్చిన ఫోన్లు నాలుగు. ఆరు ఇంటర్వ్యూలూ పోయాయి.

ఇప్పుడు ఈ అంకెలు చూస్తే దారి ఎటుందో ఎవరికైనా కనిపిస్తుంది. ఆ రోజు నాకు కనిపించలేదు. నేను చూసింది పోస్టుల సంఖ్యనే: మెయిన్‌ఫ్రేమ్‌లో ఏడు నెలల్లో దొరికినవి 11, జావాలో వందకు పైగా. పెద్ద చెరువులోనే వల వేయాలనుకున్నాను. ఆ చెరువులో ఈయన వలకి ఎన్ని పడుతున్నాయో లెక్క వేయలేదు.

మొదటి ప్రయత్నం: జావా

ఆయన అప్పటికే జావా కోర్సులో చేరి ఉన్నారు. పూర్తి చేయమన్నాను. 27 ఏళ్లు లాజిక్ రాసిన మనిషికి ఇంకో భాష కష్టం కాదు, ఆ భాషలో పోస్టులు ఎక్కువ, కాబట్టి అవకాశం ఎక్కువ అన్నది నా లెక్క. మొదటి సగం నిజమే. భాష ఆయనకి నాలుగు నెలల్లో వచ్చేసింది.

కానీ రాసిన కోడ్ తీసుకెళ్లి జావాలో ఆరితేరిన ఒక స్నేహితుడికి చూపిస్తే నవ్వాడు. "ఇది జోబాల్ అక్కా" అన్నాడు. జావా అక్షరాలతో రాసిన కోబాల్‌కి ఆ రంగంలో వాళ్లు పెట్టుకున్న పేరట. ఒకే పెద్ద క్లాసు, పైన కోబాల్‌లో వేరియబుల్స్ పెట్టే వర్కింగ్ స్టోరేజీలా వరసగా స్టాటిక్ వేరియబుల్స్, కింద కోబాల్ పేరాగ్రాఫుల్లా ఒకదాన్నొకటి పిలుచుకునే మెథడ్లు. జవాబు మాత్రం ప్రతిసారీ కరెక్టుగా వచ్చేది.

అది దిద్దుకోవచ్చు, ఆయన దిద్దుకున్నారు కూడా. అసలు అడ్డంకి వేరే ఉంది. ఇంటర్వ్యూలో ఆయన పక్కన కూర్చున్నవాళ్లు అదే జావాతో నాలుగైదేళ్లు ప్రొడక్షన్‌లో పనిచేసినవాళ్లు. వాళ్లతో పోలిస్తే ఈయన నాలుగు నెలల అనుభవం ఉన్న జూనియర్, అదీ 54 ఏళ్ల జూనియర్. నేను ఆయన్ని తీసుకెళ్లి ఆయన దగ్గరున్న 27 ఏళ్లకి విలువ లేని చోట నిలబెట్టాను.

రెండో ప్రయత్నం: వయసు దాచడం

ఇది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. రెజ్యూమేలో డిగ్రీ సంవత్సరం తీసేయమన్నాను. మొదటి పదేళ్ల అనుభవం కత్తిరించమన్నాను. 9 పేజీలు రెండు పేజీలయ్యాయి. వయసు చూసి పక్కన పెట్టేస్తున్నారు కాబట్టి కనీసం గుమ్మం దాటిస్తే లోపల ఆయనే చూసుకుంటారని నా ఆలోచన.

గుమ్మం దాటారు. వీడియో ఇంటర్వ్యూ మొదలవగానే అవతలి మనిషి మొహంలో మార్పు ఆయనకి కనిపించింది. పన్నెండు నిమిషాల్లో ముగిసింది. అంతకన్నా నష్టం ఏమిటంటే, మేము కత్తిరించిన ఆ పదేళ్లలోనే ఆయన 2000 సంవత్సరం తేదీల సమస్య (వై2కె) మీద పనిచేశారు, రెండు పాత సిస్టమ్‌లని ఒకటిగా కలిపారు. ఆయనకున్న అనుభవమంతటిలో బరువైన భాగం అదే.

"నన్ను సగం చేసి పంపారమ్మా," అన్నారు. కోపంగా అనలేదు, అందుకే ఇంకా గుచ్చుకుంది.

ఇంటర్వ్యూలు మళ్లీ వినడం

అప్పుడు చేశాను మొదట్లోనే చేయాల్సిన పని. మెయిన్‌ఫ్రేమ్ పోస్టుల నాలుగు ఇంటర్వ్యూల్లో ఏం అడిగారో, ఏం చెప్పారో గుర్తున్నంత వరకు మాటకి మాట చెప్పమన్నాను. పిలిచినవాళ్లు ఎలాగూ ఆసక్తితోనే పిలిచారు. మరి ఎక్కడ వదులుకున్నారు?

మూడు చోట్ల దొరికింది. ఒకచోట "సాక్‌సెవెన్ వస్తే ఏం చేస్తారు?" అని అడిగారు. మెయిన్‌ఫ్రేమ్ వాళ్లకి పరిచయమైన అబెండ్ అది, అంటే ప్రోగ్రామ్ అర్ధంతరంగా ఆగిపోయే ఎర్రర్ (కోడ్ S0C7). అంకె ఉండాల్సిన ఫీల్డులో అంకె కానిది ఉంటే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఈయన జవాబు: "డంప్ చూసి, ఫీల్డ్ కనుక్కుని, డేటా సరిచేస్తాను." డంప్ అంటే ప్రోగ్రామ్ ఆగిన క్షణంలో మెమరీలో ఉన్నదాని నకలు. జవాబులో తప్పేం లేదు. ఆరు నెలల ట్రైనీ కూడా అదే చెప్తాడు.

ఇంకోచోట గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) వాడతారా అని అడిగితే "మాకు ఎండెవర్ ఉండేదండీ" అని ఊరుకున్నారు. మెయిన్‌ఫ్రేమ్ మీద అలాంటి పని చేసే టూలే అది. మూడోచోట, సిస్టమ్‌ని క్లౌడ్‌కి మార్చే ఆలోచన ఉంది, మీ అభిప్రాయం ఏమిటంటే "అది జరిగే పని కాదు" అన్నారట. ఆ కంపెనీ ఆ పని కోసమే మనుషుల్ని వెతుకుతోందని తర్వాత తెలిసింది.

మొదటిది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఇన్నేళ్లు రాత్రిళ్లు మేల్కొన్న మనిషి దగ్గర ఒక్క వాక్యమేనా ఉండేది? "సార్, సాక్‌సెవెన్ గురించి వద్దు, మీరు మర్చిపోలేని ఒక్క రాత్రి గురించి చెప్పండి" అన్నాను. నలభై నిమిషాలు చెప్పారు.

ఆ రాత్రి

నెలాఖరు. ప్రీమియం చెల్లింపుల ఫైలు చదివి డీబీ2 టేబుల్స్‌లో వేసే జాబ్ సగంలో సాక్‌సెవెన్‌తో పడిపోయింది. ఆ ప్రోగ్రామ్ ప్రతి 500 రికార్డులకి ఒకసారి కమిట్ చేస్తుంది, అంటే అప్పటిదాకా వేసినవాటిని టేబుల్‌లో ఖాయం చేస్తుంది. ఆన్‌కాల్‌లో ఉన్న కుర్రాడు డంప్ చూశాడు, పాడైన రికార్డు పట్టుకున్నాడు, దాన్ని తీసేసి జాబ్ మొదటి నుంచి నడిపిద్దామన్నాడు. పొద్దున ఆఫీసులు తెరిచేలోపు అయిపోవాలని టెన్షన్.

ఈయన వద్దన్నారు. రెండు కారణాలు.

ఒకటి, మొదటి నుంచి నడిపితే అప్పటికే కమిట్ అయిన రికార్డులు రెండోసారి పోస్ట్ అవుతాయి. ప్రోగ్రామ్‌కి ఆగిన చోటి నుంచి మొదలుపెట్టే రీస్టార్ట్ లాజిక్ ఉంది కానీ, ఏడాది కింద ఏదో తొందరలో జేసీఎల్‌లో ఒక పారామీటర్ మార్చి దాన్ని ఆపేశారు, తిరిగి పెట్టలేదు. అది ఆయనకి గుర్తుంది.

రెండోది, డంప్‌లో ఆ ఫీల్డులో ఉన్నది చెత్త కాదు, వరుసగా హెక్స్ (బైటుని రెండు గుర్తుల్లో రాసే పద్ధతి) 40లు. మెయిన్‌ఫ్రేమ్ అక్షరాలకి వాడే ఎబ్సిడిక్ కోడ్‌లో అది ఖాళీ అక్షరం. బైటుకి రెండు అంకెల చొప్పున కుదించే ప్యాక్డ్ డెసిమల్ ఫీల్డులో చివరి సగం బైటు ప్లస్సా మైనస్సా చెప్పాలి. 40లో అక్కడ సున్నా ఉంటుంది, అది గుర్తు కాదు, అందుకే అబెండ్. కానీ డబ్బు ఉండాల్సిన చోట శుభ్రంగా ఖాళీలు ఉన్నాయంటే డేటా పాడవ్వలేదు, ఎవరో కావాలనే ఖాళీగా వదిలారు అని ఆయనకి తోచింది. అలాంటిది ఒక్క రికార్డుతో ఆగదు.

సార్ట్ యుటిలిటీతో ఆ ఫీల్డులో అంకె లేని రికార్డులన్నీ వేరు చేశారు. 312 వచ్చాయి. అన్నీ ఒకే కొత్త పాలసీ రకానివి. ఫైలు పంపే టీమ్ ఆ రకానికి రికార్డు చివర వాడకుండా ఉంచే ఫిల్లర్ జాగాలో పెద్ద ఫీల్డు ఒకటి పెట్టి, పాతదాన్ని ఖాళీగా వదిలింది. కబురు ఈ వైపుకి చేరలేదు. కుర్రాడు చెప్పినట్టు ఒక్క రికార్డు తీసి నడిపి ఉంటే కొంతసేపటికి మళ్లీ పడేది, మళ్లీ మొదటి నుంచి నడిపేవాళ్లు, డబుల్ పోస్టింగులు మూడింతలయ్యేవి.

312 పక్కన పెట్టి, టేబుల్‌లో చివరగా కమిట్ అయిన కీ చూసుకుని, అక్కడి నుంచి మిగతావి నడిపారు. ఫైలు చివర ట్రైలర్ రికార్డులో ఉన్న మొత్తంతో, పోస్ట్ అయినవి, పక్కన పెట్టినవి కలిపి సరిచూశారు. తేడా సున్నా. మర్నాడు ప్రోగ్రామ్ మార్చి ఆ 312 వేశారు.

చెప్పడం అయ్యాక నేను అడిగాను, ఇది ఇంటర్వ్యూలో ఎందుకు చెప్పలేదని. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఇదేముందమ్మా, డ్యూటీ కదా!"

అనుభవం ఉన్నవాళ్లలో నేను తరచూ చూసేది ఇదే. బాగా అలవాటైన పని చెప్పుకోదగ్గ పనిలా అనిపించదు. అందుకే రెజ్యూమేలో టూల్స్ పేర్లు మిగులుతాయి, నిర్ణయాలు మాయమవుతాయి. కోబాల్ వాక్యం రాయడం ఎవరికైనా నేర్పొచ్చు. అర్ధరాత్రి, అందరూ తొందరపెడుతున్నప్పుడు, మళ్లీ నడపొద్దు అని చెప్పడం నేర్పించడం అంత సులువు కాదు.

ఇలాంటివి ఇంకో నాలుగు బయటికి తీశాం. రెజ్యూమే మళ్లీ రాశాం. ఈసారి మూడు పేజీలు. ప్రతి సంఘటనకీ ఏం జరిగింది, ఏం చేయొద్దన్నారు, ఎందుకు, చివరికి లెక్క ఎలా సరిచూశారు. సంవత్సరాలన్నీ వెనక్కి తెచ్చాం. టూల్స్ పేర్లు చివర ఒక్క పేరా.

ఈ మనిషి ఎవరికి కావాలి?

అప్పటిదాకా నేను వేసుకున్న ప్రశ్న, ఈయన ఏం నేర్చుకోవాలి అని. దాన్ని పక్కన పెట్టి, ఈయన చూసేసిన సమస్య ఇప్పుడు ఎవరి నెత్తిన ఉంది అని వెతికాను. మెయిన్‌ఫ్రేమ్‌ని అలాగే నడుపుకునేవాళ్లు ఒక వర్గం. అక్కడ ఉన్నవాళ్లే కదలరు, కాబట్టి ఖాళీలు తక్కువ. రెండో వర్గం, మెయిన్‌ఫ్రేమ్ నుంచి బయటికి వెళ్తున్నవాళ్లు. వాళ్ల దగ్గర జావా రాసేవాళ్లు కావలసినంత మంది ఉంటారు. లేనిది పాత ప్రోగ్రామ్ ఎందుకు అలా చేస్తోందో చెప్పగలిగేవాళ్లు.

అలాంటి ప్రాజెక్టుల్లో పాత సిస్టమ్‌నీ కొత్తదాన్నీ కొంతకాలం పక్కపక్కన నడిపి ఫలితాలు పోలుస్తారు. తేడాలు వేలల్లో వస్తాయి. చాలావాటి మూలం కోబాల్ తెలిసినవాళ్లకి చిన్న విషయం. ఉదాహరణకి 1000 మీద ఏడాదికి 7.4 శాతం చొప్పున ఒక నెల వడ్డీ 6.1666... కోబాల్‌లో రౌండెడ్ అని రాయకపోతే రెండు దశాంశాల ఫీల్డులో 6.16 మిగులుతుంది, మిగతాది కోసేస్తుంది. జావాలో సగం, ఆపైన ఉంటే పైకి జరిపే హాఫ్-అప్ పద్ధతి పెడితే 6.17 అవుతుంది. ఏది సరి అంటే, కస్టమర్లకి ఇన్నేళ్లుగా చెప్పిన అంకె ఏదో అదే. అది తెలిసింది పాత ప్రోగ్రామ్‌కే.

ఇదంతా ఏఐ చేసేస్తుంది కదా అని ఆయనే అడిగారు. 2023లో ఐబీఎం కోబాల్‌ని జావాగా మార్చడానికి సాయపడే వాట్సన్ఎక్స్ కోడ్ అసిస్టెంట్ ఫర్ జెడ్ ప్రకటించింది, ఆ వార్త కూడా ఆయన ఫైల్లో ఉంది. నా అంచనా ఇలా చెప్పాను: కోడ్ మార్చడం ఎంత వేగమైతే, మార్చింది సరిగా ఉందో లేదో తేల్చే చోట రద్దీ అంత పెరుగుతుంది. మీరు నిలబడాల్సింది అక్కడ. ఇది అంచనాయే, హామీ ఇవ్వలేనని కూడా చెప్పాను.

ఆయన ఒప్పుకోని మూడు వారాలు

ఇక్కడ నేను ఊహించనిది జరిగింది. ఆయన వద్దన్నారు.

"నేను కట్టిన ఇల్లు వాళ్లు కూల్చేశారు. ఇప్పుడు ఇంకొకరి ఇల్లు కూల్చడానికి నన్ను కూలికి వెళ్లమంటున్నారా?"

ఒప్పించడానికి నా దగ్గర మాటలు ఉన్నాయి. వాడలేదు. క్లౌడ్ గురించి "జరిగే పని కాదు" అన్న ఆ ఇంటర్వ్యూ గుర్తొచ్చింది. అప్పుడు దాన్ని మొండితనం అనుకున్నాను. అది దుఃఖం అని ఆ రోజు అర్థమైంది. దుఃఖంలో ఉన్న మనిషిని బలవంతంగా పంపితే ఇంటర్వ్యూలో అదే మాట ఇంకో రూపంలో బయటపడుతుంది. ఆలోచించుకోమని చెప్పి ఊరుకున్నాను. మూడు వారాలు ఫోన్ లేదు. కేసు చేజారిందనే అనుకున్నాను.

తర్వాత ఆయనే ఫోన్ చేశారు. పాత టీమ్‌లో ఒకరి ద్వారా, తమ పాత కంపెనీ కొన్న కొత్త ప్యాకేజీలో కొన్ని పాలసీల లెక్కలు తప్పు వస్తున్నాయని విన్నారట. "మార్చడం ఎలాగూ ఆగదు. తప్పుగా మారిస్తే పోయేది పాలసీ కట్టుకున్నవాళ్ల డబ్బే కదమ్మా." ఆయన్ని కదిలించింది జీతమూ కాదు, నా మార్కెట్ లెక్కలూ కాదు. ఆయన మనసులో ఆ సిస్టమ్ అంటే ఆ పాలసీదారులే. ఆ మాట నేనేమీ మార్చకుండా రెజ్యూమే మొదటి పేరాలో పెట్టాను.

ఖాళీలు పూడ్చడం

ఆయనకి తెలియనివి నేర్చుకోవడం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. గిట్, వీఎస్ కోడ్ ఎడిటర్, దాని నుంచే మెయిన్‌ఫ్రేమ్ ఫైళ్లు, జాబ్‌లు చూసే జోవీ, డేటా రాసే జేసన్ పద్ధతి, పాత సీఐసీఎస్ ప్రోగ్రామ్‌ని వేరే ప్రోగ్రామ్‌లు పిలిచేలా ఏపీఐగా బయటికి చూపే పద్ధతి. ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్ అనే శిక్షణ సైట్‌లో ఉచితంగా ప్రాక్టీస్ చేయొచ్చు. ఇంట్లో కంప్యూటర్‌లో ఉచిత కోబాల్ కంపైలర్ గ్నూకోబాల్ వేసుకున్నారు. మూడు వారాలు సరిపోయాయి. ఎండెవర్ తెలిసిన మనిషికి గిట్‌లో కొత్తది ఆలోచన కాదు, పేర్లే.

పనికిరాలేదనుకున్న నాలుగు నెలల జావా ఇక్కడ అక్కరకొచ్చింది, రాయడానికి కాకుండా చదవడానికి. ఒకే లెక్కని కోబాల్‌లో, జావాలో రాసి, ఎక్కడెక్కడ తేడా వస్తుందో చూపే చిన్న నమూనా ఒకటి తయారు చేయమన్నాను. ఆయన ఐదు చేశారు.

తలుపు తెరుచుకోవడం

జాబ్ పోర్టల్స్ ఆపేశాం. ఆయనకి కావాల్సిన పోస్టుకి స్థిరమైన పేరు లేదు, పేరు లేనిదాన్ని పోర్టల్‌లో వెతకలేం. పాత సహోద్యోగులకి రాయమన్నాను. మొహమాటపడ్డారు. ఉద్యోగం అడుక్కున్నట్టు ఉంటుందన్నారు. అయితే ఉద్యోగం మాటే ఎత్తొద్దు, "మీ దగ్గర పాత, కొత్త సిస్టమ్‌ల ఫలితాలు పోల్చే పని నడుస్తుంటే ఏ రకం తేడాలు ఎక్కువ వస్తున్నాయి?" అని మాత్రం అడగమన్నాను. 14 మందికి రాశారు. ఐదుగురు జవాబిచ్చారు. ఒకరు, మా వాళ్లతో ఒకసారి మాట్లాడతారా అన్నారు.

అక్కడికి వెళ్లేసరికి టీమ్ ఒక ఫైలు ముందు తల పట్టుకుని కూర్చుంది. కొన్ని పాలసీల్లో 5 ఉండాల్సిన చోట కొత్త సిస్టమ్‌లో 2 వస్తోంది. ఎర్రర్ ఏదీ లేదు. వాళ్లు రెండు వారాలుగా జావా కోడ్ వెతుకుతున్నారు. ఈయన కోడ్ అడగలేదు. ఫైలు ఇటు తెచ్చేటప్పుడు ఎలా మార్చారని అడిగారు. మొత్తం రికార్డుని అక్షరాల్లాగా ఎబ్సిడిక్ నుంచి మామూలు కంప్యూటర్లు వాడే ఆస్కీ కోడ్‌కి మార్చామన్నారు. ఆయన బోర్డు మీద రాసి చూపించారు. ఒక్క బైటు ప్యాక్డ్ ఫీల్డులో ప్లస్ 5 అంటే హెక్స్ 5సి. ఎబ్సిడిక్‌లో 5సి అంటే నక్షత్రం గుర్తు. మార్చే ప్రోగ్రామ్ దాన్ని నక్షత్రమే అనుకుని ఆస్కీ నక్షత్రం పెట్టింది, అది 2ఏ. ప్యాక్డ్ డెసిమల్‌లో 'ఏ' కూడా ప్లస్ గుర్తే. కాబట్టి ప్లస్ 5 వెళ్లి నిక్షేపంగా ప్లస్ 2 అయి కూర్చుంది. అబెండ్ కూడా రాదు.

తర్వాత ఆయనే ఇంకోటి అడిగారు, సార్ట్ ఏ క్రమంలో చేస్తున్నారని. ఎబ్సిడిక్‌లో అక్షరాలు ముందు, అంకెలు తర్వాత. ఆస్కీలో అంకెలే ముందు. అక్షరాలూ అంకెలూ కలిసిన పాలసీ నంబర్లతో రెండు ఫైళ్లు వరుసలో సరిపోల్చే ప్రోగ్రామ్ ఉంటే, ఒక ఫైలు పాత క్రమంలో, ఇంకోటి కొత్త క్రమంలో వచ్చాయంటే సగం జతలు తప్పిపోతాయి. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట.

ఆరు నెలల కాంట్రాక్టు ఇచ్చారు. తర్వాత దాన్ని పొడిగించారు. ఆయన లీడ్ ఆయనకన్నా ఇరవై ఏళ్లు చిన్న. మొదటి నెల అది కష్టంగానే ఉందన్నారు. రెండో నెల నుంచి ఆ ప్రస్తావన రాలేదు.

ఈ కేసు ఎక్కడ పనికిరాదు

ఒకే ఒక్క కేసుని సూత్రంగా తీసుకోలేనని నాకు గట్టిగానే తెలిసింది. ఏడాది తర్వాత ఇంకొకరు వచ్చారు. మెయిన్‌ఫ్రేమ్ మీదే 15 ఏళ్లు. ఇదే పద్ధతి పెట్టాను, మర్చిపోలేని రాత్రి చెప్పమన్నాను. ఆవిడ దగ్గర లేదు. చిన్న చిన్న ఫిర్యాదుల టికెట్లు, రాసిచ్చిన స్పెసిఫికేషన్ ప్రకారం మార్పులు, ఆన్‌కాల్ వేరే టీమ్‌ది. తప్పు ఆవిడది కాదు, ఆ సంస్థలో పని అలా పంచారు. ఆవిడకి టెస్టింగ్ వైపు దారి వెతికాం, అది ఇంకా నడుస్తోంది. ఏళ్లు లెక్కపెట్టడం మానేసి, ఆ ఏళ్లలో నిర్ణయం ఎవరి చేతిలో ఉండేదని మొదటి రోజే అడగడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను. దరఖాస్తుల లెక్కలో కూడా ఎన్ని పోస్టులు ఉన్నాయన్నదానికన్నా వందకి ఎన్ని ఫోన్లు వచ్చాయన్నది ముందు చూస్తున్నాను. రెజ్యూమేలో సంవత్సరాలు కత్తిరించమని ఎవరికీ చెప్పడం లేదు.

ఈ పనికి ముగింపు తేదీ ఉందన్నది ఇంకో విషయం. కొత్త సిస్టమ్‌కి పూర్తిగా మారిన రోజు ఆ కాంట్రాక్టు అయిపోతుంది. 54 ఏళ్ల మనిషికి ఇలాంటివి ఇంకో రెండు మూడు దొరికితే చాలు, 44 ఏళ్ల మనిషికి చాలవు. చిన్నవాళ్లు వస్తే ఇదే దారి చూపించను.

తాజా కబురు

మొన్న ఫోన్ చేశారు. టెస్టింగ్‌లో సిస్టమ్ తేదీని కొన్నేళ్లు ముందుకి జరిపి నడిపితే ఒక రిపోర్టు ఖాళీగా వచ్చిందట. వెతికితే పాత కోబాల్‌లోనే ఉంది. రెండంకెల సంవత్సరం 30 కన్నా తక్కువైతే 20తో మొదలవుతుంది, లేకపోతే 19తో. 2000 సంవత్సరం సమస్య అప్పుడు చాలా చోట్ల వాడిన పద్ధతి అది. 2030 వచ్చిందంటే ఆ ప్రోగ్రామ్‌కి అది 1930. కొత్త జావాలోకి కూడా దాన్ని యథాతథంగా తెచ్చేశారు, పాతదానితో పోలిస్తే తేడా రాలేదు కాబట్టి ఎవరికీ కనపడలేదు.

ఆ లైను పైన 1998 నాటి కామెంటు ఒకటి ఉందట. ఎవరో పొడి అక్షరాల సంతకం, పక్కన 'తాత్కాలికం' అని.

"నేనూ అలాగే రాశానమ్మా, నా ప్రోగ్రామ్‌లలో," అన్నారు. "ఎన్నిట్లో రాశానో గుర్తు చేసుకుంటున్నాను. పాత కంపెనీ వాళ్లకి ఒక మెయిల్ పెడితే బాగుంటుందా?"

పెట్టమన్నాను.